నిరుపయోగం ఎవరికి?

ఒక వస్తువు నిరుపయోగమైందని తీర్పు చెప్పే అధికారం ఎవరిది? దాన్ని కట్టినవాడిదా, వాడుకునేవాడిదా, జమాఖర్చుల పుస్తకం చేతబట్టినవాడిదా? ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ మంచి తావు. పాడుబడ్డ రైల్వే జంక్షనూ, సైన్యం వదిలివేసిన విమాన స్థావరమూ రెండూ అక్కడ ఉన్నాయి.

జంక్షన్ పేరు వెర్నీ. 1868లో దాన్ని తెరిచేనాటికి పక్కన పేరు పెట్టడానికి ఊరే లేదు. అందుచేత స్థానిక భూస్వామి సర్ హారీ వెర్నీ పేరు తగిలించారు. పొలాల నడుమ ఉన్న ఆ స్టేషనుకు 1936 దాకా లండన్ మెట్రోపాలిటన్ రైళ్లు కూడా వచ్చేవి. ఇలాంటి చోట గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం చూచి నిట్టూర్చే రచనలు ఇంగ్లీషులో కొల్లలు. ఆ నిట్టూర్పులో ఇంజను పొగ కనపడుతుంది. పట్టాలు పరచిన కూలీ కనపడడు. ఆ విలాపంతో మనకు పనిలేదు.

పని ఉన్నది లెక్కతో. 1963 మార్చిలో బ్రిటిష్ రైల్వేల అధ్యక్షుడు బీచింగ్ 2,363 స్టేషన్లనూ, సుమారు 5,000 మైళ్ల దారినీ మూసివేయమన్నాడు. మొత్తం దారిలో మూడోవంతు మీద సాగే ప్రయాణం నూటికి ఒక్కవంతేనని చూపించాడు. 1961 ఏప్రిల్లో ఒకే ఒక్క వారం జరిపిన గణన ఆయనకు ఆధారం. ఏప్రిల్ వారంలో వేసవి రద్దీ ఎలా లెక్కకు వస్తుంది? రవాణా మంత్రి మార్పుల్స్ రోడ్లు వేసే కంపెనీ స్థాపకుల్లో ఒకడు. విమర్శలు చెలరేగగా 1960లో వాటాలు వదులుకోవలసివచ్చింది. ఇంతటితో ఆపితే కథ సుఖాంతమే, దుర్మార్గుడు దొరికాడు గనుక!

కానీ ఈ రైల్వేలు 1948 నుంచీ జాతీయం చేసినవి. పెద్ద మూసివేతలు ఆపుతామని 1964 ఎన్నికల్లో చెప్పిన లేబర్ పార్టీయే అధికారానికి వచ్చి వాటిని కొనసాగించింది. ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జి లైను బీచింగ్ జాబితాలో లేనేలేదు. అయినా 1967 చివర దాని రెండు కొసలా రైళ్లు ఆగిపోయాయి; వెర్నీ జంక్షను దానితోపాటే పోయింది. యాజమాన్యం ప్రజలదైనా లెక్క మాత్రం వర్తకుడిదిగానే మిగిలిందన్నమాట. జాతీయం చేస్తే చాలు, తక్కినవి వాటంతటవే చక్కబడతాయని వాదించే మన మిత్రులు ఈ లైను చరిత్ర ఒకసారి తిరగవేయాలి.

1962 రవాణా చట్టం మరీ విచిత్రం. మూసివేతపై అభ్యంతరాలు వినే కమిటీలు ప్రయాణీకుల కష్టాన్ని మాత్రమే విచారించాలి. రైల్వేవారి అంకెలు తప్పని అక్కడ వాదించడానికి వీల్లేదు. ఏడవడానికి అనుమతి ఉంది, లెక్క అడగడానికి లేదు.

ఇక వింగ్ విమాన స్థావరం. యుద్ధకాలంలో బాంబర్ సిబ్బందికి శిక్షణ ఇచ్చిన చోటు. 1945లో జర్మనీ చెరనుంచి విడుదలైన సైనికులు వేలాదిగా అక్కడే దిగారు. తర్వాత ఖాళీపడింది. 1968లో నియమించిన రాస్కిల్ కమిషన్ లండన్‌కు మూడో విమానాశ్రయం ఇక్కడే కట్టమంది. ఆ లెక్కలో వ్యాపార ప్రయాణీకుడి గంట విహారయాత్రికుడి గంటకన్నా ఎన్నోరెట్లు ఖరీదైనది. స్ట్యూక్లీ గ్రామంలోని 12వ శతాబ్దపు చర్చికి అగ్నిప్రమాద బీమా మొత్తాన్నే విలువగా కట్టారని అప్పట్లో నవ్వులాట అయింది. కమిషన్ సభ్యుడు కోలిన్ బుకానన్ మాత్రం ఒంటరిగా అసమ్మతి రాశాడు. గ్రామస్తులు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. 1971 ఏప్రిల్లో ప్రభుత్వం ఆ సిఫారసును తోసిపుచ్చింది.

ఒకే సీమలో ఒక పోరాటం గెలిచింది, ఒక లైను పోయింది. గెలిచినవారి వెనుక నిధులున్నాయి, న్యాయవాదులున్నారు, పత్రికలున్నాయి. కారు లేక బ్రాంచి లైను రైలునే నమ్ముకున్న ముసలివారికి, కూలీలకు అవేవీ లేవు. విలువలను డబ్బులో కొలవరాదనే నీతి ఇద్దరి పక్షానా సమానంగా నిజమే. దాన్ని వినిపించుకునే స్తోమత మాత్రం ఇద్దరికీ సమానంగా లేదు. బీచింగ్‌ను తిట్టే రచనల్లో ఈ తేడా అరుదుగా తగులుతుంది.

2024 నాటికి వెర్నీ మీదుగా బ్లెచ్లీ దాకా కొత్త పట్టాలు పరిచారు. స్టేషను మాత్రం విన్‌స్లోలో కట్టారు.