ఇంటిగుట్టు – మనిషిగుట్టు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు ‘ఇంటిగుట్టు’ అను మాట నెఱుగనివారుండరు. గుట్టు ఇంటిదే కాని, ఆ యింటిలోని మనిషిది కాదని మన పెద్దల తలంపు. కాపురము విడిచి పుట్టింటికి వచ్చిన పిల్లను నచ్చచెప్పియో, గద్దించియో తిరిగి పంపుటయే గుట్టు నిలుపుట యందురు. ఆ పిల్లకు తనదైన గుట్టు వేఱొకటి కలదా యని అడుగువారు అరుదు. న్యాయస్థానములు సైతము ఈ ప్రశ్నకు ఆలస్యముగనే వచ్చినవి.

1962లో ఖరక్ సింగు వ్యాజ్యమున, పోలీసులు రాత్రివేళ తలుపు తట్టుటను సుప్రీంకోర్టు కొట్టివేసెను గాని, వ్యక్తిగత గోప్యతను హక్కుగా నంగీకరింపలేదు. మన రాజమహేంద్రవరము వాడైన కోకా సుబ్బారావుగారు అందుకు సమ్మతింపక, గోప్యత స్వాతంత్ర్యములోని ముఖ్యభాగమేయని వేఱుగా తీర్పు వ్రాసిరి. అయినను అక్కడి తగవు ఇంటికిని పోలీసునకును మాత్రమే. ఇంటిలోపలి బలవంతమును గూర్చి అప్పుడెవరును విచారింపలేదు.

ఆ విచారణ 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునందు జరిగెను. విడిగానున్న భార్యను కాపురమునకు రమ్మని కోర్టుచే ఆజ్ఞాపింపజేయుటకు 1955 నాటి హిందూ వివాహచట్టము తొమ్మిదవ సెక్షను వీలిచ్చుచున్నది. సినీనటి సరితపై ఆమె భర్త తెచ్చిన వ్యాజ్యమున జస్టిస్ పి. ఎ. చౌదరిగారు ఆ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని త్రోసిపుచ్చిరి. స్త్రీ తన దేహమును గూర్చియు, బిడ్డను గనుటను గూర్చియు చేసికొనవలసిన నిర్ణయమును ఇది ప్రభుత్వముచేతికిచ్చుచున్నదని వారి వాదము. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వధూవరులకు తెలియు తెలుగు మాటలతో పెండ్లిండ్లు జరిపించిరి. సమ్మతి తెలిసి యీయవలెనని మనము అంతవఱకు వచ్చితిమి. ఒకనాడిచ్చిన సమ్మతిని మరల తీసికొనరాదా యన్నది దాని తరువాతి ప్రశ్న.

మఱుసటి యేడే, 1984లో, సరోజరాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదనెను. ఈ సెక్షను కాపురములు చెదరకుండ తోడ్పడుననియు, ఆజ్ఞ మీఱినవారికి ఆస్తి జప్తు తప్ప వేఱు శిక్ష లేదనియు సెలవిచ్చిరి. జప్తునకు వెఱచి చేయు కాపురము ఎట్టి కాపురమో మాకు బోధపడదు! ఆ వ్యాజ్యమున కోర్టుకెక్కినది భార్యయే కదా యందురేమో. నిజమే, విడువబడిన స్త్రీకి కూడుగుడ్డలు కావలెను. అందుకు మనోవర్తి చట్టములున్నవి. ఈ విధిని మనకిచ్చిన ఇంగ్లండు దేశమే 1970లో దానిని రద్దుచేసికొనెను.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కేయనిరి. కృష్ణాజిల్లా వాడైన చలమేశ్వరుగారు వారిలో నొకరు. సుబ్బారావుగారి మాట యేబదియైదేండ్లకు నెగ్గినది. ఇంటిలోని పురుషాధిక్యమును కప్పిపుచ్చుటకు గోప్యతను తెరగా వాడరాదనియు ఆ తీర్పునందే కలదు.

తొమ్మిదవ సెక్షను మాత్రము చట్టమున నిలిచియే యున్నది. రేపు రేపల్లెలో నొక భర్త అర్జీ పెట్టినయెడల, తాను విడిగానుండుటకు తగిన కారణము కలదని రుజువుచేయవలసిన భారము భార్యపైననే పడును. భర్తతో పడిన బాధ నెవరికిని చెప్పుకొననొల్లక వచ్చిన పిల్ల, దానినంతయు ప్లీడరునకును, గుమాస్తాకును, న్యాయాధిపతికిని విప్పి చెప్పవలసియున్నది.