మందు పుచ్చుకొనుట అవిశ్వాసమా?

ధ్యానభాగములు: ఆదికాండము 30:1–24, 1 సమూయేలు 1:1–20



గడచిన మాసములో రేపల్లె ప్రాంతపు పల్లె యొకదానిలో మేము గృహదర్శనములు చేయుచుండగా, ఒక యౌవన సహోదరి కొంగుముడిలోనుండి మాత్రల అట్ట తీసి మా యెదుట పెట్టెను. ఏడాది క్రిందట ఆమెకు మూడవ నెలలో గర్భము పోయినది. అటుపిమ్మట మరల నెల తప్పలేదు. తెనాలిలోనున్న బంధువు ఒకామె, తనకు పనిచేసినవని ఆ మాత్రలు పంపినదట. "అయ్యగారూ, ఇవి మింగితే దేవుణ్ణి నమ్మనట్టా? మింగకపోతే మా అత్తమ్మకి ఏం చెప్పుకోను?" అని ఆమె అడిగెను. ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘములలో అనేకులు నోరు తెరువక మోయుచున్న ప్రశ్న. గనుక దీనిని వాక్యపు వెలుగులో విచారింతము.

మొదట ఒక అబద్ధమును తొలగింపవలెను. కడుపు పోవుట ఏదో పాపమునకు శిక్ష అని మనలో కొందరందురు. నిర్గమకాండము 23:26 కూడ చూపుదురు. ఆ వచనము ఇశ్రాయేలు జనాంగమంతటికి ఇచ్చిన వాగ్దానమే గాని, ఒక్కొక్క స్త్రీని తూచుటకు ఇచ్చిన తక్కెడ కాదు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు ఇట్టి లెక్కయే అడుగగా, ప్రభువు ఆ లెక్కను త్రోసివేసెను (యోహాను 9). వైద్యులు చెప్పునదేమనగా, తెలిసిన గర్భములలో నూటికి 10 నుండి 20 వరకు పోవును. తొలి నెలలలో పోయినవాటిలో సుమారు సగము గాని అంతకెక్కువ గాని, పిండము ఏర్పడునప్పుడే క్రోమోజోములలో కలిగిన లోపము వలన పోవును. అది తల్లి ఎత్తిన బిందె వలన కాదు, నడిచిన నడక వలన కాదు. ఒకసారి గర్భము పోయినవారిలో ఎక్కువమంది తరువాత బిడ్డను కందురు.

ఇక మందు సంగతి. రాహేలు బిడ్డలకొరకు అలమటించి, లేయ కుమారుడు పొలములోనుండి తెచ్చిన పుత్రదాత వృక్షపు పండ్లను అడిగి తీసికొనెను. ఆ కాలపువారు వాటిని సంతానమిచ్చు మందు అని యెంచిరి. వింత చూడుడి! పండ్లు తీసికొనిన రాహేలు కాదు, ఇచ్చివేసిన లేయ గర్భవతి ఆయెను. పిమ్మట దేవుడు రాహేలును జ్ఞాపకము చేసికొనగా యోసేపు పుట్టెను. పండ్లు అడిగినందుకు వాక్యము రాహేలును గద్దింపలేదు. యోసేపు పండ్ల వలన పుట్టెననియు చెప్పలేదు. మందు పాపము కాదు, మందు దేవుడును కాదు. హిజ్కియా ప్రార్థించెను, అంజూరపు పండ్ల ముద్దయు వేయించుకొనెను. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు, 1898లో అక్కడ స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరిచిరి. ప్రార్థన చాలును, మందు వద్దు అని ఆమె అనుకొనియుండిన, ఆ ఆసుపత్రి లేచియుండునా?

అయితే ఏ మందు, ఎవరికి అన్నది వివేకముతో చూడవలెను. ఆ సహోదరి చూపినది క్లోమిఫీన్ మాత్ర. దానివంటి మరియొకటి లెట్రోజోల్. రెండును సాధారణముగా బహిష్టు మొదలైన తొలి దినములలో ఐదు దినములు ఇయ్యబడును. రెండును మెదడు క్రిందనున్న గ్రంథిని పురికొల్పి, అండాశయములో అండము పండి విడుదలగునట్లు చేయును. మన కృష్ణా డెల్టా రైతునకు ఇది తెలియును: నీరు రాని కాలువకు లాకు తెరువవలెను, నీరు వచ్చుచున్న కాలువకు మరింత తెరిచిన గట్టునకే ముప్పు. అండము సరిగా విడుదల కాని స్త్రీకే ఈ మందు. నిలిచిన గర్భమును కాపాడుట దీని పని కాదు. కవలలు కలుగవచ్చును, అండాశయములు వాయవచ్చును, క్లోమిఫీన్ వలన కొందరికి చూపు మసకబారును. గర్భము ఉన్నదేమో చూడక వీటిని వేసికొనరాదు. కాబట్టి బంధువు పంపిన అట్ట చాలదు, పరీక్షించి చూచిన వైద్యుని చీటి కావలెను. భర్తకును పరీక్ష జరుగవలెను.

రెండింటిలో ఏది మేలు? అండాశయములలో నీటిబుడగల వ్యాధి, అనగా పీసీఓడీ గల 750 మంది స్త్రీలకు అయిదేసి నెలల వరకు ఈ మందులిచ్చి, అమెరికా వైద్యులు 2014లో ఫలితము ప్రకటించిరి. లెట్రోజోల్ పుచ్చుకొన్నవారిలో నూటికి 27 మందికి పైగాను, క్లోమిఫీన్ పుచ్చుకొన్నవారిలో 19 మందియు సజీవమైన బిడ్డను కనిరి. మన దేశములో ఈ పనికి లెట్రోజోల్ వాడుటను ప్రభుత్వము 2011లో ఆపి, 2017లో మరల అనుమతించెను. మనుష్యుల జ్ఞానము ఇట్లు దిద్దుకొనుచు సాగును. దానిని తృణీకరింపకుడి, దానికి మ్రొక్కకుడి.

ప్రియులారా, ఆ లెక్కను మరియొకసారి చూడుడి. మేలైన మందు పుచ్చుకొన్నవారిలోను డెబ్బదిమందికి పైగా ఆ నెలలలో ఒట్టి చేతులతో మిగిలిరి. వారికి సంఘమేమి చెప్పును? ఇక్కడ మేము మా తప్పిదము ఒప్పుకొందుము. ఆ సహోదరికి గర్భము పోయిన వారములో మేము ఆ యింటికి వెళ్లి, "మళ్లీ పుడతారులేమ్మా" అని చెప్పి, కాఫీ త్రాగి వచ్చితిమి. పోయిన బిడ్డకొరకు ఒక్క మాట ప్రార్థింపలేదు. ఆమె ఏడ్పునకు చోటు ఇయ్యలేదు. హన్నాను త్రాగుబోతు అనుకొనిన ఏలీకంటె మేము ఏమి మేలు? రాహేలు మొరకు యాకోబు కోపపడెను; హన్నా యేడ్చినప్పుడు, నేను చాలనా అని ఎల్కానా అడిగెను. ఒకరు కసిరిరి, ఒకరు బుజ్జగించిరి. ఆ దుఃఖమును ఆమెతో కూడ మోసినవారు లేరు. హన్నా ముఖమున దుఃఖము తొలగినది సమూయేలు పుట్టిన తరువాత కాదు. దేవుని సన్నిధిని ఆత్మను కుమ్మరించి లేచిన దినమందే. అప్పటికి ఆమెకు బిడ్డ లేడు.

గనుక అత్తలారా, కోడలిని బిడ్డల లెక్కతో తూచవద్దు. భర్తలారా, ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా పంపవద్దు. అప్పుచేసి ఒక మందునుండి మరియొక మందునకు పరుగెత్తువారు, ఎంతవరకని ముందుగానే ఇద్దరు కలిసి ప్రార్థించి నిర్ణయించుకొనుడి. సంఘమా, తొట్లె కట్టినవారికి ఇచ్చు స్థానమునే తొట్లె కట్టనివారికిని ఇమ్ము.

ఆ సహోదరికి మేమిచ్చిన ఉత్తరమిదే: "అమ్మా, ఆ అట్ట పక్కన పెట్టు. మీ ఆయనా నువ్వూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. ఆమె ఇస్తే ప్రార్థించి వేసుకో. బిడ్డ కలిగినా కలగకపోయినా నువ్వు దేవుని బిడ్డవే." తరువాత, ఏడాది ఆలస్యముగా, పోయిన బిడ్డకొరకు ప్రార్థించితిమి. ఆమె అత్తగారును మోకరించి యేడ్చెను.

ప్రార్థన: గర్భములో ఆకారము రాకముందే మమ్మును ఎరిగిన తండ్రీ, ఎదురుచూచువారికి ఓర్పును, వైద్యులకు వివేకమును, మా సంఘమునకు కనికరముగల నాలుకను దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.