మరచినవారిని మరువకుడి

ధ్యాన భాగము: యెషయా 46:3, 4, కీర్తన 71:9



గత వేసవిలో మేము ఒక వృద్ధురాలిని చూడబోయితిమి. ఆమె అరుగుమీద కూర్చుండి, "అయ్యగారూ, మా ఆయన పొలమునుండి ఇంకా రాలేదు, దారిలో కనబడినాడా?" అని అడిగెను. ఆయన గతించి తొమ్మిది సంవత్సరములైనది. ఆయనను సమాధి చేసినవారము మేమే. సత్యము చెప్పుట మా విధి అనుకొని ఆ సంగతి చెప్పితిమి. ఆమె అప్పుడే విధవరాలైనట్లు గుండెలు బాదుకొని ఏడ్చెను. కొంతసేపటికి ఆ యేడుపును మరచి, మరల అదే ప్రశ్న వేసెను. మాకు నోట మాట రాలేదు. అప్పుడు కోడలు వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండి, "మామయ్య మీద బెంగగా ఉందా అత్తా? ఆయనకు ఏ కూరంటే ఇష్టమో అయ్యగారికి చెప్పు" అనెను. "గోంగూర" అని ఆమె నవ్వెను.

ఆ కోడలు అబద్ధమాడలేదు. మేము ప్రశ్నకు జవాబిచ్చితిమి. ఆమె ప్రశ్న వెనుకనున్న దుఃఖమునకు జవాబిచ్చెను. సెమినరీలో మేము నేర్వని పాఠము అది.

దీనిని డిమెన్షియా అందురు. కండ్లద్దములు ఎక్కడ పెట్టితిమో మరచుట ముసలితనము. అద్దములు దేనికో తెలియకపోవుట వ్యాధి. జర్మనీ వైద్యుడైన ఆల్జైమర్ 1906లో వివరించిన మెదడు జబ్బు దీనికి ముఖ్య కారణము. మెదడుకు రక్తము సరిగా అందకపోవుటవలన కూడ వచ్చును. మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షలమందికి ఇది యున్నదని 2023లో వెలువడిన ఒక అధ్యయనము తెలిపెను. కాబట్టి ఇది దయ్యము కాదు, ఎవరి పాపఫలమును కాదు. అట్టివారిని గదిలో పెట్టి గడియ వేయుట తగదు.

దీనిని పూర్తిగా నయముచేయు మందు నేటికిని లేదు. అయినను ఇంటివారి చేతిలో ఉన్న వైద్యము గొప్పది.

మొదటిది, వాదింపకుడి. నగ దొంగిలించితివని నిందించినయెడల కోపపడక, కలిసి వెదకుడి. ఇంటిలోనే యుండి "ఇంటికి పోవుదము" అనినయెడల, చేయి పట్టుకొని వీధి చివరవరకు నడిచి తిరిగి తీసికొనిరండి.

రెండవది, స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరుగనియ్యుడి. ఎదుట నిలిచి, ఒకసారి ఒక్క మాటే చెప్పుడి. సాయంకాలమున కలవరము హెచ్చును గనుక చీకటి పడకముందే దీపము వేయుడి.

మూడవది, చేయగల పని చేయనియ్యుడి. నిన్నటి సంగతి పోయినను చిన్ననాటి సంగతులు చాలకాలము నిలుచును. బియ్యములో రాళ్లేరుట, బట్టలు మడత పెట్టుట చేతులకు గుర్తుండును. పాత కీర్తన ఎత్తుకొనుడి. పేర్లు మరచినవారు కూడ పల్లవి అందుకొనుట మేము చూచితిమి.

నాలుగవది, కలవరము హఠాత్తుగా హెచ్చినయెడల అది మతిమరుపేయని ఊరకుండకుడి. మూత్రములో చీము, మలబద్ధకము, పంటినొప్పి కారణము కావచ్చును. వెంటనే వైద్యునికి చూపుడి. రక్తపోటుకు, చక్కెర వ్యాధికి వాడుచున్న మందులను మానిపింపకుడి.

ఇక సంఘమునకు ఒక మాట. ఆ కోడలు ఎనిమిది నెలలు ఆరాధనకు రాలేదు. ఎందుకు రాలేదని మేము అడిగితిమే గాని, అత్తయొద్ద ఎవరుందురని అడుగలేదు. ఇది మా తప్పు. ఇప్పుడు స్త్రీల సమాజమువారు ఆదివారము వంతులవారీగా ఆ యింట కూర్చుండుచున్నారు. కొన్ని ఆదివారములు ఆ తల్లి కూడ గుడికి వచ్చుచున్నది. ప్రసంగము నడుమ ఆమె లేచి భర్తను పిలిచినయెడల, ఎవరును వెనుదిరిగి చూడకుడి. ప్రక్కనున్నవారు చేయి పట్టుకొనుడి, చాలును.

తల నెరయువరకు మనలను ఎత్తుకొని మోయుదునని ప్రభువు యెషయా ద్వారా సెలవిచ్చెను. మోయబడువారు తమ్మును మోయుచున్నవానిని గుర్తుంచుకొనవలెనని ఆయన షరతు పెట్టలేదు. ఆమె ఆయన పేరు మరచు దినము రావచ్చును. ఆయన ఆమె పేరు మరువడు. ఆ మోయుటలో ఒక చేయి మనదియై యుండును గాక. ఆమేన్.