గోడ వెనుక పనివాడు

మా విచారణకు చెందిన ఒక యువ ఇంజినీరు మొన్న ఆదివారం పూజానంతరం వరండాలో నన్ను ఆపాడు. పెద్ద భవనాలకు కరెంటు, నీళ్లు, లిఫ్టులు, ఏసీలు, మంటలార్పే పంపులు అమర్చడం అతని పని. "ఫాదర్‌గారూ, పంపు నడిపి చూడకుండానే పరీక్షించామని సంతకం పెట్టమంటున్నారు. కాదంటే ఉద్యోగం ఉండదు. ఇది పాపమేనా?" అన్నాడు. (పాపసంకీర్తనంలో అడిగింది కాదు, అతని అనుమతితోనే రాస్తున్నాను.)

గోడలు, గుమ్మాలు కట్టినవాణ్ణి లోకం మెచ్చుకుంటుంది. గోడల లోపల గొట్టాలు, తీగలు నడిపినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఏదైనా చెడినప్పుడే అతడు గుర్తుకొస్తాడు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో జరిగింది చూడండి. ఆ ఉదయమే మంటలంటుకోగా మరమ్మతు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ సాయంత్రం మళ్లీ అంటుకొంది. పొగ పైకెక్కింది. బాల్కనీలో అదనంగా వేసిన కుర్చీలు ఒక దారిని మూసివేశాయి. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది మంటలకు కాదు, ఊపిరాడక. వారిని చంపాలని ఎవరూ అనుకోలేదు. మరి పాపం ఎక్కడుంది?

ద్వితీయోపదేశకాండము 22:8 దీనికి జవాబిస్తుంది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. కట్టనందువలన ఎవడైనా పడి చస్తే ఆ రక్తదోషం ఆ ఇంటిదే. పడేవాడు ఎవరో కట్టేవాడికి తెలియనక్కర లేదు. ఇంకా పుట్టనివాడైనా కావచ్చు. పొరుగువాడంటే ముఖం తెలిసినవాడే అనుకునే మనకు ఇది కొత్త లెక్క.

సెమినరీలో పునీత అల్ఫోన్సు లిగోరి గారి నీతిశాస్త్రం చదువుకున్నాము. ఇతరులు చేసే చెడులో మనస్సు కలిపి పాలుపంచుకోవడం వేరు, ఆ చెడును కోరకుండా దూరం నుంచి మన చేయి తగలడం వేరు. ఆ భవనంలో కొళాయి బిగించే కూలీ రెండో కోవలోకి వస్తాడు. సంతకం అలా కాదు. "నేను చూశాను" అని చెప్పే మాట అది, చూడకపోతే అబద్ధం. ఆ మాట నమ్మి ఎవరో అక్కడ బిడ్డను పడుకోబెడతారు. కనుక పాపమే అన్నాను. అలా చెప్పడం నాకు తేలికే, పోయే జీతం నాది కాదు గదా! అతని భార్య నిండు గర్భిణి. సంతకం ఎందుకు పెట్టలేనో కాగితం మీద రాసివ్వమని, వేరే పని వెదకడంలో విచారణ పెద్దలం తోడుంటామని చెప్పాను. అది చాలదని నాకూ తెలుసు.

వెళ్తూ వెళ్తూ అతను మా హాలు వెనుక తలుపుకేసి చూశాడు. "దానికి తాళం ఎందుకు, ఫాదర్‌గారూ?" ఫ్యాన్లు దొంగలెత్తుకుపోతున్నారని నేనే వేయించాను. క్రిస్మస్ రాత్రి ఆ హాలులో 300 మంది కూర్చుంటారు. ఆ సాయంత్రమే తాళం తీయించి, లోపలినుంచి తెరుచుకునే గడియ పెట్టమని వడ్రంగికి కబురు చేశాను.