రెండు కుడుకలే కదా!

ప్రమాదకరమైన వస్తువు అనగానే మన కళ్ళముందు బాంబో, పెట్రోలు డబ్బానో మెదులుతుంది. ఒడిబియ్యంలో పోసే కుడుకలు ఎవరికీ తోచవు. కానీ ప్రమాదకర వస్తువులకు ఐక్యరాజ్యసమితి వేసిన పట్టికలో ఎండుకొబ్బరికి ఒక నంబరుంది, 1363. తనంతట తాను వేడెక్కే పదార్థాల జాబితాలో చేర్చారు దాన్ని. కర్పూరానికో నంబరు, అగ్గిపెట్టెకో నంబరు. మన పూజగది సగం ఆ పట్టికలోకి ఎక్కిందంటే నమ్మండి!

వేరే ఊళ్ళో అయితే ఈ మాటకు నవ్వేవాళ్ళేమో. మా చెల్పూరులో నవ్వడానికి వీల్లేదు. 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్న ఊరు మాది. బొగ్గును కుప్ప పోసి రోజుల తరబడి కదపకుండా వదిలేస్తే, గాలి తగిలి లోపల్లోపల వేడెక్కి, ఎవరూ పుల్ల గీయకుండానే రాజుకుంటుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నూనె నిండిన ఎండుకొబ్బరిదీ, బస్తాలకొద్దీ ఒకచోట కుక్కితే, అదే గుణం. అందుకే చాలా విమాన సంస్థలు దాన్ని పెట్టెలో పెట్టనివ్వవు.

మా పక్కింటి వదినె ఈ మధ్య అమెరికా వెళ్ళే కూతురికి ఒడిబియ్యం పోసింది. ఐదు కుడుకలు, ఓ కర్పూరం డబ్బా చీరెమడతల్లో దాచి పెట్టె సర్దుతోంది. నేను వద్దన్నాను.

"రెండు కుడుకలకు విమానం కాలుతదా?" అంది. (ఐదు కాస్తా రెండయ్యాయి చూడండి, వాదనలో ఎప్పుడూ అంతే.)

నిజం చెప్పాలంటే అది మంచి ప్రశ్న. రెండు కుడుకలు కాలవు. లెక్క ప్రకారం వదినెదే గెలుపు. కానీ ఆ పూట అదే విమానంలో మూడొందల మంది ఉంటారు. ప్రతి తల్లీ "నాది రెండే కదా" అనుకుంటే ఆ కడుపులోకి ఎన్ని చేరినట్టు? ఒకరి చిన్నదాని పక్కన ఇంకొకరి చిన్నది ఏం పెట్టారో మనకేం తెలుసు? మా ఊరి నుంచి వరంగల్ పోయే బస్సులో పొగ వస్తే డ్రైవరు చెట్టు కింద ఆపుతాడు, అందరం దిగుతాం. ఆకాశంలో దిగేదెక్కడ? ఆ పెట్టె దగ్గరికి ఎవరి చెయ్యీ అందదు.

పవర్ బ్యాంకు సంగతి చూడండి. పెట్టెలో వద్దు, చేతిసంచీలో తెచ్చుకోమంటారు. ప్రమాదమైన దాన్ని మనుషుల మధ్యకు రమ్మనడమేమిటి అని నాకు మొదట వింతగా తోచింది. కళ్ళముందుంటే పొగ వచ్చినా ఎవరో ఒకరు చూస్తారు, ఆర్పుతారు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఒక విమానం సీట్ల మీది అరలోంచి మంటలు లేచి కాలిపోయింది. పవర్ బ్యాంకు వల్లే అయ్యుండవచ్చని దర్యాప్తు చేసినవాళ్ళన్నారు. ఇంకా నేల మీదే ఉంది కాబట్టి 176 మందీ బతికి బయటపడ్డారు.

నన్ను ఎక్కువ వేధించేది మాత్రం 1996 మే 11న ఫ్లోరిడాలో కూలిన వాల్యూజెట్ విమానం. 110 మంది పోయారు. అక్కడ ప్రయాణికుల సామాను తప్పు లేదు. సంస్థ తాలూకు పాత ఆక్సిజన్ డబ్బాలు, రక్షణ మూతలు లేనివి, అట్టపెట్టెల్లో ఎక్కాయి. కాగితం మీద 'ఖాళీవి' అని రాసి ఉంది. రాసిన మనిషికి ఎవర్నీ చంపాలని ఉండదు. అలవాటుగా రాసిన ఒక్క మాట, అంతే.

మన పెట్టెల మీద ఎవరూ ఏమీ రాయరు. కౌంటరులో అడుగుతారు: "ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?" మన ఇళ్ళలో తన పెట్టె తానే సర్దుకున్న ఆడపిల్ల ఎవరండీ! అమ్మ సగం సర్దుతుంది, అత్తగారు అడుగున ఒక పొట్లం దూరుస్తుంది, ఎదురింటావిడ "మావాడికి ఇయ్యి బిడ్డా" అంటూ ఓ సీసా తెస్తుంది. పిల్ల అక్కడ నిలబడి "అవును" అంటుంది. అది అబద్ధమా? అబద్ధమే, కానీ దాన్లో ఆ పిల్ల పాలు తక్కువ. చెప్పకుండా దాచిపెట్టిన ప్రేమ ఆ పిల్ల నోట్లో ఆ మాట పెట్టింది. బిడ్డకు ఇచ్చేది ఏదైనా చెప్పి ఇవ్వాలన్నదే నా పట్టుదల. చెప్తే ఆమె వద్దంటుందన్న భయం ఉంటే, వద్దనే హక్కు ఆమెకుంది. పక్క సీటులో కూచోబోయే ముక్కూ మొహం తెలియని ఇంకో తల్లి బిడ్డకూ ఉంది. ఆ పిల్లను అడిగేవాళ్ళే లేరు.

"శుభానికి పోసింది పెట్టెల నుంచి తీస్తరా ఎవరన్న?" అని వదినె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నియమాలు రాసేవాళ్ళ దగ్గరా ఉండదు. చివరికి కూతురే అడ్డుపడి, రవికబట్ట, పసుపు, కుంకుమ పెట్టుకుంది. బియ్యం వండి చుట్టాలకు పెట్టారు. కర్పూరం ఇంట్లో దేవుడి దగ్గరికి చేరింది.

కుడుకలు వదినె మా ఇంటికి పంపింది, "నువ్వే తిను" అని కబురుతో సహా. రెండు తురిమి లడ్డూలు చేసి ఆమెకే పంపాను. డబ్బా ఇంకా తిరిగి రాలేదు.