ఫార్మాట్ చేయమంటే వద్దను

నాన్నా,

హార్డ్ డిస్క్ తగిలించినా కంప్యూటర్‌లో కనబడడం లేదనీ, చెల్లి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయనీ కంగారుపడుతున్నావు. ముందు స్థిమితంగా కూర్చో. డిస్క్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఆ ఫొటోలు మళ్లీ రావు. అందుకే ఏ బటన్ నొక్కబోయినా ఒక్క ప్రశ్న వేసుకో: ఇది డిస్క్‌ను చదివే పనా, దాని మీద రాసే పనా? రాసేదైతే ఆగు.

వాడుకోవాలంటే ఫార్మాట్ చేయమని విండోస్ అడుగుతుంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెదిరినా అలాగే అడుగుతుంది. లోపల ఫొటోలు చాలాసార్లు భద్రంగానే ఉంటాయి. క్యాన్సిల్ కొట్టు. ఇనీషియలైజ్ చేయమన్నా అదే జవాబు.

మొదట కేబుల్ మార్చి చూడు. నీది జేబులో పట్టే 2.5 అంగుళాల డిస్క్, దానికి కరెంటు కూడా ఆ కేబుల్లోంచే అందాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. హబ్‌కు తగిలిస్తే మిగతావాటితో పంచుకోవాలి, ఒక్కోసారి చాలదు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టు. ఇంకో కంప్యూటర్‌లోనూ చూడు. మ్యాక్‌లో పెడితే కాసేపు ఓపిక పట్టు. ఇజెక్ట్ చేయకుండా పీకేసిన డిస్క్‌ను అది లోలోపల తనిఖీ చేసుకుంటుంది, పెద్ద డిస్క్ అయితే చాలాసేపు పడుతుంది.

చెవి దగ్గర పెట్టుకుని విను. టిక్కు టిక్కుమని ఆగకుండా కొట్టుకుంటుంటే వెంటనే ఆపెయ్. లోపల హెడ్డు, తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. అది దెబ్బతింటే తిప్పినకొద్దీ పళ్లెం గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టమనీ, మూత విప్పమనీ ఎవరు చెప్పినా వినకు. దుమ్ము చొరని గది ఉన్న డేటా రికవరీ వాళ్లకే ఇవ్వు. ఖర్చవుతుంది, అయినా తప్పదు.

చప్పుడు మామూలుగా ఉంటే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. అన్నీ సరిగ్గా ఉండి డ్రైవ్ అక్షరం మాత్రం లేకపోతే ఒక అక్షరం ఇవ్వు, చాలు. ‘రా’ (RAW) అని చూపిస్తే పట్టిక పాడైందన్నమాట. అప్పుడు చెక్‌డిస్క్ నడపమని సలహాలొస్తాయి. అది సరిదిద్దే పేరుతో డిస్క్ మీద రాస్తుంది, వద్దు. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి నకలు తీయించు. పారేసుకున్న పట్టికను వెతికే టెస్ట్‌డిస్క్ అయినా, ఫొటోలను ఏరి తీసే ఫొటోరెక్ అయినా ఆ నకలు మీదే నడుపు. ఏరిన ఫొటోలను మూడో చోట దాచు. అసలు డిస్క్ జోలికి పోకు.

ఫొటోలు చేతికొచ్చాక మాత్రం ఒక్క డిస్క్‌నే నమ్ముకోకు నాన్నా. తెలిసినవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. ఆ వేరే చోటి కాపీ మా ఇంట్లో పెట్టు, పెద్దమ్మ బీరువాలో జాగ్రత్తగా ఉంటుంది. పండక్కి వచ్చినప్పుడల్లా తెరిచి చూసి, కొత్తవి చేర్చి వెళ్లు.

ఇవాళ్టికి కేబుల్ ఒక్కటి మార్చి చూసి, ఏం కనబడిందో ఫోన్ చెయ్.

ప్రేమతో,
మీ పెదనాన్న