సామాను నొద్ద నిలిచినవారు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 30:1–25, అపొస్తలుల కార్యములు 16:25–34





అక్టోబరు 21వ తేదీని మన దేశమంతట పోలీసు అమరవీరుల సంస్మరణ దినముగా ఆచరించుచున్నారు. 1959వ సంవత్సరము అదే తేదీని లడాఖులోని హాట్‌ స్ప్రింగ్స్‌ అను చోట చైనా సైనికుల కాల్పులలో 10 మంది పోలీసు జవానులు ప్రాణములు విడిచిరి. ఆ దినమున చనిపోయినవారి పేర్లు చదువుదురు, పుష్పములుంచుదురు, మౌనముగా నిలుతురు. అది యుక్తమే. అయితే ఆ వరుసల వెనుక కుర్చీలలో కూర్చుండు భార్యలను, తల్లులను, పిల్లలను గూర్చియు, ఈ రాత్రి డ్యూటీకి పోయినవాని అడుగుల చప్పుడు కొరకు మేల్కొనియుండు ఇండ్లను గూర్చియు ఈ నెల ధ్యానింతము.

దావీదును అతనితోకూడ 600 మందియు ఆయుధములు ధరించి దూరము పోయియుండిరి. మూడవ దినమున వారు తమ ఊరైన సిక్లగునకు తిరిగి వచ్చి చూడగా ఊరు కాలిపోయి యుండెను. అమాలేకీయులు వచ్చి వారి భార్యలను, కుమారులను, కుమార్తెలను చెరపట్టుకొని పోయిరి. ఈ సంగతిలో మనము మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది, శత్రువు కత్తి పట్టినవారి మీదికి రాలేదు. వారు లేని ఇంటి మీదికి వచ్చెను. పదిమందికి కావలియైనవాని ఇల్లు ఆ వేళ కావలి లేనిదాయెను. నేటికిని అట్లే జరుగుచున్నది. మనము ఊరికి పోవునప్పుడు మన తాళము వేసిన ఇంటిని కెమెరాతో కనిపెట్టుటకు ఆంధ్రప్రదేశ్‌ పోలీసుశాఖ ఎల్‌.హెచ్‌.ఎం.ఎస్‌. అను ఏర్పాటు చేసినది. అది మంచిది. కాని కనిపెట్టువాని ఇంటిని ఎవరు కనిపెట్టుదురు?

రెండవది, ఆ శూరులు ఏడ్చిరి. ఇక ఏడ్చుటకు సత్తువ లేనంతగా ఏడ్చిరని లేఖనము చెప్పుచున్నది. దేవుడు వారిని అందుకై గద్దింపలేదు. అయితే ఆ దుఃఖము ఎక్కువసేపు దుఃఖముగా నిలువలేదు; అది కోపమై, తమ నాయకుడైన దావీదునే రాళ్లతో కొట్టవలెనన్నంత వరకు పోయెను. చెప్పుకొనని దుఃఖము రాయిని వెదకును. ఆ రాయి తగులునది శత్రువునకు కాదు, దగ్గరనున్నవానికే. దావీదు మాత్రము తన దేవునియందు ధైర్యము తెచ్చుకొని, యాజకుడైన అబ్యాతారును పిలిపించి, ఏమి చేయవలెనని యెహోవాయొద్ద విచారణచేసెను.

మూడవది, దావీదు నియమించిన కట్టడ. 600 మందిలో 200 మంది అలసి బెసోరు వాగు దాటలేక సామాను నొద్ద నిలిచిరి. తక్కిన 400 మంది పోయి, దేవుని సహాయమువలన చెరపోయిన వారినందరిని విడిపించి తెచ్చిరి. అప్పుడు కొందరు వాగు నొద్ద నిలిచినవారికి కొల్లసొమ్ములో పాలు ఇయ్యరాదనిరి. దావీదు ఆ మాట ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను నొద్ద నిలిచినవానికిని సమముగానే పంచవలెనని కట్టడ చేసెను. అది ఇశ్రాయేలీయులలో విధిగా నిలిచిపోయెను.

ప్రియులారా, పోలీసు కుటుంబము సామాను నొద్ద నిలిచిన కుటుంబము. పతకము వచ్చినను మాట వచ్చినను యూనిఫారము వేసికొన్నవానికే వచ్చును. భారము మాత్రము ఇల్లంతయు మోయుచున్నది.

మన పల్నాటి సంగతియే తీసికొందము. 2020 ఏప్రిల్‌, మే నెలలలో కరోనా వ్యాధి మన నరసరావుపేటలో విపరీతముగా వ్యాపించెను. వీధులకు అడ్డుకట్టలు కట్టి మనలను ఇండ్లలో ఉండుమనిరి. ఆ అడ్డుకట్టల యొద్ద ఎండలో నిలిచినవారు కానిస్టేబుళ్లు, హోంగార్డులు. ఇంటిలోని పసిబిడ్డకు, ముసలితల్లికి వ్యాధి అంటునేమో అను భయముతో గడప దాటుటకు జంకి, బయటనే స్నానము చేసి, వేరుగా పండుకొన్న పోలీసులు ఆ నెలలలో అనేకులు. తండ్రి వాకిట నిలిచియుండగా ఎందుకు ఎత్తుకొనడో తెలియక ఏడ్చిన బిడ్డ ఆ డ్యూటీలో పాలుపొందలేదా?

2024 మే 13న పోలింగు జరిగిన దినమున, మరునాడు కూడ, మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో కొట్లాటలు చెలరేగెను. 144వ సెక్షను విధించిరి. ఎన్నికల సంఘము జిల్లా కలెక్టరును బదిలీ చేసి, పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేయుమని ఆజ్ఞాపించెను. ఎవరి తప్పు ఎంత అని తీర్పు తీర్చుట మా పని కాదు. ఒకటి మాత్రము చెప్పుదుము. రాళ్లు పడుచున్న వీధుల బొమ్మలు సెల్‌ఫోనులలో తిరుగుచుండగా, ఆ వీధిలో తమవాడున్నాడో లేడో తెలియని ఇండ్లలో అన్నము చల్లారిపోయెను.

అంతకు ముందు దశాబ్దములలో, నల్లమల అంచున నక్సలైటుల ఉద్యమము బలముగా నుండినప్పుడు, పోలీసు సెలవు మీద స్వగ్రామమునకు పోవుట కూడ గండముగా నుండెను. 2008 జూన్‌ 29న ఒడిశాలోని బలిమెల జలాశయములో పడవపై వచ్చుచున్న గ్రేహౌండ్స్‌ దళముమీద దాడి జరుగగా 30 మందికి పైగా మరణించిరి. ఆ దినమున తెలుగు దేశములో ఎన్ని ఇండ్ల దీపములు ఆరెనో జ్ఞాపకము చేసికొనుడి.

కొట్లాటలు లేని నాళ్లలోను భారము తక్కువ కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కదలును. వీరుల తిరునాళ్లకు కారెంపూడి నిండును. మేనెల ఎండలో రెంటచింతల కాగిన పెనమువలె నుండును. బందోబస్తు మాత్రము ఆగదు. 2019లో మన రాష్ట్రములో పోలీసులకు వారపు సెలవు ప్రకటించిరి. అయినను బందోబస్తు వచ్చిన వారములో సెలవు మాట ఎవరికి జ్ఞాపకముండును? క్రిస్మసు ఆరాధనకు మనము క్రొత్తబట్టలతో వచ్చునప్పుడు గుడి గేటు నొద్ద నిలిచినవాడు కూడ ఒక ఇంటి తండ్రియే. ఈ దినములలో తల్లియే కానిస్టేబులైన ఇండ్లును గలవు; అక్కడ అన్నము వండి బిడ్డను నిద్రపుచ్చి సామాను నొద్ద నిలుచువాడు భర్త.

ఇక రెండవ భాగమును చూడుడి. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు మధ్యరాత్రి లేచి తలుపులన్నియు తెరచియుండుట చూచి, ఖైదీలు పారిపోయిరనుకొని, తన కత్తి దూసి తన్ను తానే చంపుకొనబోయెను. ఉద్యోగము పోవును, పరువు పోవును, పైవారు శిక్షింతురు: ఈ మూడు భయములు ఒక్క క్షణములో అతని మీద పడెను. చేతిలో ఆయుధము సిద్ధముగా నుండెను. అప్పుడు పౌలు ఏమి చేసెను? చీకటిలోనుండి బిగ్గరగా కేకవేసి, హాని చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే యున్నామని తెలియజేసెను. ఆ కేక ఒక ప్రాణమును నిలిపెను. తెల్లవారక ముందే ఆ ఇంటివారందరు సంతోషించిరి.

ఈ భాగమునుండి పోలీసు కుటుంబములకు కొన్ని మాటలు చెప్పగోరుచున్నాము.

తుపాకి ఇంటికి వచ్చు సందర్భములుండును. అట్టిదైన యెడల గుండ్లు తీసి, తుపాకి ఒకచోట గుండ్లు వేరొకచోట తాళము వేసి యుంచవలెను. ఖాళీదైనను పిల్లల చేతికి ఆటకు ఇయ్యరాదు. ఇంటిలోనివాడు ఎవడైనను నిరాశతో నున్నప్పుడు ఆ తుపాకి ఇంటిలో ఉండనే కూడదు. స్టేషనులో అప్పగించుట పిరికితనము కాదు, జ్ఞానము.

డ్యూటీ వేళలను, ఇంటి బొమ్మలను, పిల్లల పాఠశాల పేరును సెల్‌ఫోనులో లోకమంతటికి చూపవద్దు. సారు పంపినారని ఎవడైనను తలుపు తట్టినయెడల ముందు సారుకు ఫోను చేసి విచారించుడి. అపాయమైనచో 112కు ఫోను చేయుడి. పిల్లలకును ఆ సంఖ్య నేర్పుడి. రాత్రియంతయు మేల్కొన్నవాడు నిద్రమత్తులో మోటారుసైకిలు నడిపి ఇంటికి రాకూడదు. ఒక గంట స్టేషనులోనే నడుము వాల్చి వచ్చుట మేలు. పింఛను, ఇన్సూరెన్సు, నామినీ కాగితములు ఎక్కడనున్నవో భార్యకు తెలిసియుండవలెను. ఇది అపశకునము కాదు. ప్రేమగలవాడు చేయు పని.

అన్నిటికంటె ముఖ్యముగా, మాట్లాడుడి. మగవాడు ఏడ్వరాదను మాట లోకముది, సిక్లగుది కాదు. చూచిన శవములు, పడిన మాటలు, పైవాని తిట్లు లోపల దాచుకొనువాడు ఒకనాడు పిల్లవానిమీద చేయి ఎత్తును, లేక సీసా పట్టును. మనస్సు తాళలేనప్పుడు టెలి-మానస్‌ అను ప్రభుత్వ సేవ కలదు. 14416కు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. అది 2022 అక్టోబరునుండి నడుచుచున్నది. జ్వరమునకు డాక్టరును పిలుచుట విశ్వాసలోపము కానట్లే ఇదియు కాదు.

ఇప్పుడు కఠినమైన మాట ఒకటి. కొన్ని ఇండ్లలో అపాయము బయటినుండి రాదు. యూనిఫారము విప్పి కొక్కేనికి తగిలించినవాని చేతినుండియే వచ్చును. మరియొక స్త్రీ దెబ్బలు తిన్నచో స్టేషనుకు పోవును. పోలీసు భార్య ఎక్కడికి పోవును? అక్కడ కూర్చుండువారు ఆయన స్నేహితులే గదా! ఆ సోదరితో మేము చెప్పునదేమనగా, అమ్మా, ఓర్చుకొనుటయే భక్తి అని నీతో చెప్పువారు లేఖనమును సరిగా చదువలేదు. 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము ప్రకారము నీవు స్టేషను మెట్లు ఎక్కకయే రక్షణ అధికారిణి ద్వారా గాని, స్వయముగా గాని, మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకొనవచ్చును. స్త్రీల సహాయమునకు 181, ఉచిత న్యాయ సహాయమునకు 15100 అను ఫోను సంఖ్యలు కలవు. ఆ సోదరునితోను చెప్పుదుము: బాప్తిస్మమిచ్చు యోహాను తనయొద్దకు వచ్చిన సిపాయిలను ఉద్యోగము మానుమనలేదు, ఎవనిని పీడింపవద్దనియు, జీతముతో తృప్తిపొందుమనియు చెప్పెను (లూకా 3:14). ఎవనిని అనగా ఇంటిలోని భార్యను కూడ.

సంఘమునకు ఇక్కడ పని కలదు. ఆదివారము ఒంటరిగా పిల్లలతో బల్లమీద కూర్చున్న సోదరిని, మీ ఆయన గుడికి రాడేమి అని అడుగక, ఆమె ప్రక్కన కూర్చుండుడి. కొట్లాటల దినములలో వార్త లాగుటకు కాదు, తోడుగా పండుకొనుటకు ఒక పెద్దమ్మ ఆ ఇంటికి పోవలెను. స్టేషనులో మా పని చేయించుమని ఆమెను బలవంతపెట్టరాదు. మీ నాన్న మా బాబాయిని లోపల వేసెనని మన పిల్లలు ఆమె పిల్లలను గేలిచేయకుండ నేర్పవలెను. కులము, పార్టీ ఆ గడపయొద్దనే విడువవలెను. రాత్రి డ్యూటీవారి ఇండ్లలో పగటివేళ ప్రార్థన పెట్టుడి. చనిపోయినవారి భార్యలను అక్టోబరు 21న మాత్రమే గాక, 22న కూడ దర్శించుడి. ఆ రెండవ దినమే వారికి ఎక్కువ బరువు.

సామాను నొద్ద నిలిచినవారికి సమభాగమని దావీదు కట్టడ చేసెను. దావీదు కుమారుని సంఘము అంతకు తక్కువ చేయవచ్చునా?

ప్రార్థన: ఇశ్రాయేలును కాపాడు దేవా, కునుకక నిద్రపోక మమ్మును కనిపెట్టువాడవు నీవే. ఈ రాత్రి పల్నాటి రోడ్లమీద నిలిచియున్నవారిని క్షేమముగా ఇంటికి చేర్చుము. వారి చేతులను అన్యాయమునుండియు, వారి మనస్సులను నిరాశనుండియు తప్పించుము. వారికొరకు మేల్కొనియున్న తల్లులకు, భార్యలకు, భర్తలకు, బిడ్డలకు నిద్ర దయచేయుము. తన ఇంటిలోనే భయపడుచున్న సోదరికి తెరచిన తలుపు చూపుము. ఆ తలుపు మా సంఘముదై యుండునట్లు కృపచూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్‌.